కూర్గ్ హోమ్‌స్టేలో తలకింత అంటే అసలు ఎంత?

కూర్గ్‌లో హోమ్‌స్టేకి ఫోన్ చేసి గది అద్దె అడిగితే జవాబు గదికి రాదు, తలకి వస్తుంది. "తలకి పద్దెనిమిది వందలు, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి" అంటారు. తిరుమల కాటేజీలకూ అరకు గదులకూ అలవాటుపడిన మనవాళ్లకి ఇది ఎక్కువో తక్కువో వెంటనే తేలదు. ఆరుగురికి మించిన గుంపు వెళ్తుంటే కాగితం మీద లెక్క వేస్తే తప్ప తెలియదు.

మేం హైదరాబాద్ నుంచి వెళ్లాం. పెద్దవాళ్లు పదిమంది, పిల్లలు నలుగురు: పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్లవాడు, ఏడేళ్లవాడు, మూడేళ్ల బుడ్డోడు. కూర్గ్ అంటే కర్ణాటకలోని కొడగు జిల్లా, అక్కడికి రైలు మార్గం లేదు. కాచిగూడలో మైసూరు రైలెక్కి మర్నాడు అక్కడ దిగి, టెంపో ట్రావెలర్‌లో జిల్లా కేంద్రం మడికేరి దాకా దాదాపు 120 కిలోమీటర్లు పోవాలి.

రెండు చోట్ల ధర అడిగాం. మొదటిది కాఫీ తోటలో యజమాని కుటుంబం ఉండే ఇల్లు. తలకి రాత్రికి 1,800, పదేళ్లు దాటితే పూర్తి ధర, అయిదు నుంచి పదేళ్ల దాకా సగం, అయిదేళ్లలోపు ఉచితం. అంటే పదకొండు పూర్తి తలలకి 19,800, రెండు సగాలకి 1,800, మొత్తం రాత్రికి 21,600. రెండోది ఇల్లు మొత్తం మనకే ఇచ్చే విల్లా. పన్నెండు మందికి రాత్రికి 18,000, ఆపైన తలకి వెయ్యి. మూడేళ్లవాణ్ణి వదిలేస్తే పదమూడు మంది కాబట్టి 19,000. పైకి చూస్తే విల్లాయే చవక. తిండి మాత్రం విడిగా కట్టాలి: టిఫిన్ 150, రాత్రి భోజనం 400 చొప్పున పదమూడు మందికి 7,150. ఇల్లంతా ఒకే యూనిట్‌గా బిల్లు వేస్తామన్నారు. ఒక యూనిట్ అద్దె రాత్రికి 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 3,420. అన్నీ కలిపితే రాత్రికి 29,570. రెండు రాత్రులకి తేడా 15,940 రూపాయలు, అందుకే తోట ఇల్లే తీసుకున్నాం.

7,500 లోపు గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. అందుకే విల్లావాళ్లని బిల్లు గదులవారీగా ఇస్తారా, ఇంటి మొత్తానికి ఇస్తారా అని అడగడం దండగ కాదు. చిన్న హోమ్‌స్టేలు చాలావాటికి జీఎస్టీ నమోదు ఉండదు. ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటకపోతే అక్కర్లేదు కూడా. కానీ అదే ఇంటిని బుకింగ్ యాప్‌లో తీసుకుంటే పన్ను వసూలు చేసి కట్టే బాధ్యత యాప్‌ది. నేరుగా ఫోన్ చేసినప్పుడు ఒక ధర, యాప్‌లో ఇంకో ధర కనిపించడానికి కమీషన్‌తోపాటు ఇదీ ఒక కారణం.

విల్లా ఎప్పుడూ దండగే అని కాదు. వంటిల్లు వాడుకోనిస్తే, గుంపులో ఇద్దరు వంటకి సిద్ధమైతే, బిల్లు గదులవారీగా ఇస్తే అదే గెలవచ్చు. తల లెక్కలో మనిషి పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఇంటి లెక్కలో మంచాలు నిండేదాకా పెరగదు.

మంచాల సంగతి ముందే తేల్చుకోవాలి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో గరిష్ఠంగా ఆరు గదులు, పన్నెండు మంచాలు. యజమాని అక్కడే ఉండాలి. పద్నాలుగు మందికి ఏ ఇబ్బందీ లేదని ఒకే ఇంటివాళ్లు చెప్పారంటే నేల మీద పరుపులు వేస్తారన్నమాట. తల ధర కూడా గదికి ముగ్గురు, నలుగురు సర్దుకుంటారన్న లెక్క మీదే చెబుతారు. మా పద్నాలుగు మందికి నాలుగు గదులే ఇచ్చారు. జంటకి విడి గది కావాలంటే ధర మారుతుంది. "ఏ గదిలో ఎన్ని మంచాలు, ఎన్ని పరుపులు, బాత్రూమ్ గదిలోనా బయటా" అని వాట్సాప్‌లో రాయించుకుంటే వెళ్లాక గొడవ ఉండదు.

ధరలో లేనివి చివరి బిల్లులో కనిపిస్తాయి. అన్నిటికన్నా పెద్దది జీపు. తోట ఇళ్లకి చివరి రెండు కిలోమీటర్లు మట్టిదారి, టెంపో ట్రావెలర్ ఎక్కదు. బండి మెయిన్ రోడ్డు మీద ఆగితే అక్కణ్ణుంచి ఇంటివాళ్ల జీపు, ట్రిప్పుకి 400. పద్నాలుగు మందీ సామానూ అంటే ప్రతిసారీ రెండు ట్రిప్పులు. వచ్చినరోజు లోపలికి, మర్నాడు బయటికి, మళ్లీ లోపలికి, చివరిరోజు బయటికి: ఎనిమిది ట్రిప్పులు, 3,200. బుక్ చేసేముందు "17 సీట్ల బండి గుమ్మం దాకా వస్తుందా" అని అడగాలి. కారు వస్తుందా అని అడిగితే వస్తుందనే అంటారు, అది నిజమే కూడా. డ్రైవర్ తిండీ పడకా రాత్రికి 500, చలిమంటకి సాయంత్రానికి 600. రెండు రాత్రులకి ఈ పైఖర్చులే 5,400 అయ్యాయి, బస మొత్తం 48,600కి చేరింది.

తిండి దగ్గర బేరం ఆడకపోవడమే మంచిది. తలకింత అన్న ధరకి న్యాయం జరిగేది అక్కడే. కడంబుట్టు అంటే బియ్యపు రవ్వ ఉండల్ని ఆవిరి మీద ఉడికించేది, దాంతో కాచంపులి (కొడగు పుల్లటి వెనిగర్) వేసిన పంది కూర. పంది తినని వాళ్లకి కోడికూర, పొద్దున అక్కి రొట్టె (బియ్యప్పిండి రొట్టె), నూపుట్టు (ఇడియాప్పం లాంటిది). శాకాహారులకి ధర తగ్గించరు. సోమవారం, శనివారం నీచు ముట్టని వాళ్లుంటే ముందురోజే చెప్పాలి, వంట తలల లెక్కనే మొదలుపెడతారు. మధ్యాహ్నం భోజనం ధరలో ఉండదు, తలకి 250 వేసుకోండి.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతాయి, గీజర్ పనిచేయదు. కట్టెల బాయిలర్ ఉన్న ఇల్లయితే పద్నాలుగు మందికి వేణ్ణీళ్లకి బెంగ లేదు.

బండికి కిలోమీటరు 22 రూపాయలు, రోజుకి కనీసం 250 కిలోమీటర్లు. మూడు రోజులకి మనం తిరిగినా తిరగకపోయినా 750 కిలోమీటర్ల డబ్బు, 16,500 కట్టాలి. డ్రైవర్ బత్తా 1,500, టోల్, పార్కింగ్ 800, మొత్తం 18,800. మైసూరు రానుపోనూ 240 కిలోమీటర్లే కాబట్టి, మడికేరికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలోని తలకావేరికి వెళ్లొచ్చినా అదనంగా పైసా పడదు. కొండమీది వ్యూ పాయింట్ మండల్‌పట్టికి మాత్రం టెంపో పోదు. అక్కడ జీపు మొత్తానికి ధర, తలకి కాదు. ఆరుగురు పట్టే జీపులో నలుగురు ఎక్కినా అంతే, కాబట్టి ఎవరెవరు వస్తారో ముందు తేల్చుకుని జీపు మాట్లాడాలి.

ఏ వారం వెళ్లామన్నదాన్ని బట్టి ధర బాగా మారుతుంది. శుక్ర, శని రాత్రులు బెంగళూరు జనంతో కూర్గ్ నిండిపోతుంది. మాకు 1,800 చెప్పిన ఇంటివాళ్లే శనివారానికి 2,300 అన్నారు. శనివారం రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కి ఆది, సోమ రాత్రులు ఉంటే ఆ అయిదు వందలూ మిగులుతాయి. దసరా, డిసెంబరు చివరి వారం, వేసవి సెలవుల్లో ఈ ఉపాయం పారదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ధర పడిపోతుంది గాని, వానకి జలగలు తోడవుతాయి. పిల్లలున్న గుంపుకి నేనైతే చెప్పను.

సగం అడ్వాన్స్ అడుగుతారు. యూపీఐలో పంపేముందు పర్యాటక శాఖ నమోదు పత్రం ఫొటో అడిగి, ఆ పేరూ ఖాతా పేరూ కలిశాయో లేదో చూడాలి. గుంపు ప్రయాణాల్లో ఆఖరి వారంలో ఇద్దరు మానుకోవడం మామూలే. తలల సంఖ్య ఎన్ని రోజుల ముందు దాకా తగ్గించుకోవచ్చో రాతలో లేకపోతే పద్నాలుగు మందికీ కట్టాల్సిందే. అమెరికా పాస్‌పోర్టు ఉన్న బంధువులు వస్తుంటే అదీ ముందే చెప్పాలి. విదేశీయుల వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో నమోదు చేయడం ఇంటివాళ్ల బాధ్యత, ఆ పని తెలియని చిన్న హోమ్‌స్టేలు గుమ్మం దగ్గర వెనకాడతాయి.

ఇక పంపకం. బస ఖర్చు 48,600ని పన్నెండు వాటాలు చేశాం (పదకొండు పూర్తి, రెండు సగాలు): వాటాకి 4,050. బండిని మాత్రం సీటు లెక్కన పంచాలి, సగం టికెట్ పిల్లాడికి సగం సీటు చాలదు కదా. 18,800ని పదమూడుతో భాగిస్తే 1,446. మధ్యాహ్న భోజనాలు మూడింటికి 750. పెద్దవాళ్లకి 6,246, సగం పిల్లలకి 4,221, రైలు టికెట్లు, జీపు షికార్లు కాకుండా.

"బావా, మా బుడ్డోడికీ సీటు డబ్బులా?"

"ఒళ్లో కూర్చోబెట్టుకుంటే లేదురా. కిటికీ సీటు అడిగాడంటే పద్నాలుగు సీట్లకి పంచి తలా 1,343."

మనిషికి 7,000 ముందే ఒక ఖాతాలో వేయించుకుని, పైచిల్లర వచ్చాక తిరిగిచ్చేయడం తేలిక. ఇంటివాళ్ల దగ్గర కొనే కాఫీ పొడి, మిరియాలు ఈ ఖాతాలోకి రావు. తలో కిలో తీసుకుని బిల్లులో కలిపేస్తారు, చెకౌట్‌కి ముందే విడదీయించండి.