పిల్లలు బాగున్నారో లేదో ఎవరి కొలతతో చూడాలి?

మా లంకలో పిల్లల మీద సర్వే అంటే సాయానికి వెళ్లాను. పరుగెత్తగలవా, నిద్ర పడుతోందా, ఒంట్లో బాగోక బడి మానేశావా, ఇవే ప్రశ్నలు. వరదొచ్చి గోదారి దాటలేక మానేసిన రోజులకి మాత్రం గడి లేదు (నానమ్మ పక్కన పడుకుంటే భయమేయదని ఒక బుడ్డోడు చెప్పింది కూడా ఎక్కడా పట్టలేదు).

అప్పట్నుంచి దీని గురించే చదువుతున్నా. పెడ్స్‌క్యూఎల్ అని చాలా దేశాల్లో వాడే ప్రశ్నావళి ఉంది, 23 ప్రశ్నలు, శరీరం, మనసు, తోటిపిల్లలు, బడి. మంచిదే. కానీ కెనడాలో, హ్యూరాన్ సరస్సులోని మానిటౌలిన్ దీవి మీద ఉండే విక్వెమికాంగ్ ఆదివాసీలు పరిశోధకులతో కలిసి, తమ పిల్లల్నే కూర్చోబెట్టి అడిగి, 62 ప్రశ్నలతో సొంత కొలమానం చేసుకున్నారు. శరీరం, బుద్ధి, మనసుతో పాటు అందులో ఆత్మ కూడా ఉంది, మనిషి బాగోగుల్ని చక్రంగా చూపే వాళ్ల సంప్రదాయ మెడిసిన్ వీల్‌లో ఉన్నట్టే నాలుగు భాగాలు. పిల్లలు ట్యాబ్‌లో జవాబిస్తారు. నాకు బాగా నచ్చిందేంటంటే, జవాబుల్లో టెన్షన్ పడాల్సింది కనిపిస్తే ఒక మనిషి ఆ పిల్లతో కూర్చుని మాట్లాడతారు, కాగితాలు సర్దుకుని పోరు.

మన ఎగువన మన్యంలో కొండరెడ్ల, కోయ పిల్లల దగ్గరికి ఆ 62 ప్రశ్నల్నే తెలుగు చేసి పట్టుకెళ్తే మళ్లీ మొదటికే వస్తాం. వాళ్లని అడిగి మొదలెట్టాలి. దానికి టైమ్ పడుతుంది, సర్వే వాళ్లకేమో నెలాఖరుకల్లా రిపోర్ట్ కావాలి.