సొంత ఏఎస్ నంబరు తెచ్చాను, పరువు పోగొట్టుకున్నాను

ఇంటర్నెట్ నెట్‌వర్కుల పనిలో నాకు 20 ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది. అమీర్‌పేటలో ఒక ఇరుకు గదిలో, ఒకే రౌటరు ముందు నలుగురం వంతులు వేసుకుని నేర్చుకున్న తరం మాది. ఉద్యోగం వదిలి సొంతంగా సలహాదారు పని మొదలుపెట్టిన తరువాత చిన్న ఊళ్ల కేబుల్ యజమానులే నాకు ప్రధాన ఖాతాదారులయ్యారు. కోనసీమలోని ఒక పట్టణంలో కేబుల్ టీవీ నుంచి ఇంటర్నెట్ వ్యాపారానికి మారిన ఒక పెద్దాయనకు సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో ఒక నెట్‌వర్కును గుర్తించే సంఖ్య), సొంత ఐపీ అడ్రసులు ఇప్పించే పని పోయిన ఆదివారం ముగిసింది. ఎలా ముగిసిందో వేడి చల్లారక ముందే రాస్తున్నాను.

ఆయనకు ఇవి ఎందుకు అవసరమయ్యాయో ముందు చెప్పాలి. ఐపీ అడ్రసుల పాత పద్ధతి అయిన ఐపీవీ4 లో ఉన్న అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లు. ప్రపంచస్థాయి నిల్వలో మిగిలిన చివరి భాగాలను 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. అందుకే చిన్న ఆపరేటర్లు తమకు ఇంటర్నెట్ అమ్మే పెద్ద కంపెనీ ఇచ్చిన నాలుగైదు అడ్రసుల వెనుక వందల ఇళ్లను నాట్ పద్ధతిలో, అంటే ఒకే అడ్రసును ఎన్నో ఇళ్లు పంచుకునేలా, దాచి నెట్టుకొస్తుంటారు. ఫలానా సమయంలో ఈ అడ్రసు వాడినది ఎవరని పోలీసులు అడిగితే, ఎవరు ఎప్పుడు వాడారో నమోదయ్యే లాగులన్నీ తిరగేయాలి. కంపెనీ మారితే అడ్రసులన్నీ మారిపోతాయి. అద్దె ఇంట్లో ఉంటూ తలుపుకు సొంత నేమ్‌ప్లేటు తగిలించుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

మన దేశంలో నిక్సి అనే సంస్థ ఆధ్వర్యంలోని ఐఆర్‌ఐఎన్‌ఎన్ అనే రిజిస్ట్రీ ఈ నంబర్లను కేటాయిస్తుంది. లైసెన్సు, కంపెనీ పత్రాలు, నెట్‌వర్కు పటం, రెండు వేర్వేరు కంపెనీల నుంచి లింకులు తీసుకుంటున్నట్టు ఆధారాలు జతచేసి దరఖాస్తు పెట్టాము. అడిగిన రెండు మూడు వివరణలు ఇచ్చాము, 256 అడ్రసులూ ఒక ఆరంకెల ఏఎస్ నంబరూ వచ్చాయి. ఈ దశ గురించి అంతకు మించి చెప్పవలసినదేమీ లేదు.

చిరాకు తెప్పించింది మొదటి లింకు ఇచ్చిన పెద్ద కంపెనీ. మా అడ్రసులను వాళ్ల ద్వారా ప్రకటించేందుకు, అంటే వాటికి దారి ఇటే అని మిగతా నెట్‌వర్కులకు చాటేందుకు, అనుమతి పత్రం కావాలన్నారు, పంపించాము. లెటర్‌హెడ్ మీద లేదని తిప్పి పంపారు. లెటర్‌హెడ్ మీద పంపితే రబ్బరు స్టాంపు సరిగా పడలేదన్నారు. స్టాంపు ప్యాడ్‌లో కొత్తగా సిరా పోయించి, మూడోసారి స్కాన్ చేసి పంపించాక మరో నాలుగు రోజులు టికెట్ కదలలేదు. లింకు అమ్మేటప్పుడు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసిన సేల్స్ మనిషి ఆ నాలుగు రోజులూ ఫోన్ ఎత్తలేదు. లింకు కొనే ముందు సేల్స్ మనిషితో కాకుండా, రాత్రి రెండు గంటలకు ఫోన్ ఎత్తే ఇంజినీరుతో ఒకసారి మాట్లాడించమని పట్టుబట్టండి. కుదరదంటే ఆ కంపెనీ వద్దనుకోవడమే మంచిది. ఆ కంపెనీ మీద నా కోపం అప్పుడే పాతుకుపోయింది.

శుక్రవారం రాత్రి పదకొండు గంటలకు రెండు కంపెనీలతోనూ బీజీపీ సెషన్లు (నెట్‌వర్కులు దారుల సమాచారం ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు) లేచాయి. మా 256 అడ్రసుల ప్రకటన ప్రపంచమంతా పాకింది, రెండు లింకుల గ్రాఫులూ సమానంగా పైకి లేచాయి. యజమాని ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెరిచారు. అందరూ తింటుండగా నేను చివరి పనిగా రిజిస్ట్రీ పోర్టల్‌లో ఆర్‌ఓఏ సృష్టించాను. ఈ అడ్రసులను ప్రకటించే హక్కు ఫలానా ఏఎస్ నంబరుకు ఉందని డిజిటల్ సంతకంతో చేసే నమోదు అది. దాని అవసరం అక్కడున్న కుర్రాళ్లకు అర్థం కావాలని, 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లోని ఒక టెలికాం సంస్థ యూట్యూబ్‌కు చెందిన 256 అడ్రసుల ముక్కను తన రూటుగా ప్రకటించడం వల్ల ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ దాదాపు రెండు గంటలు అందకుండా పోయిన సంగతి కూడా వివరంగా చెప్పాను. చెబుతూనే ఒక చేత్తో నంబరు టైపు చేశాను.

శనివారం పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. వీడియోలు హాయిగా వస్తున్నాయట. బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదట. ఒక ఇంట్లో పిల్లవాడి ఫీజు కట్టే పేజీ తిరుగుతూనే ఉందట. కొన్ని పనిచేసి కొన్ని చేయకపోతే నాలాంటివాడి బుద్ధి మొదట ఎంటీయూ మీదికి, అంటే ఒక ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం మీదికి పోతుంది. ఇళ్లకు లాగిన్‌తో ఇచ్చే పీపీపీఓఈ కనెక్షన్లలో ప్యాకెట్టు పరిమాణం 1500 బదులు 1492 బైట్లే కాబట్టి, ఒక్కో ప్యాకెట్టులో మోసే డేటాకు పరిమితి అయిన టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను 1452 కు బిగించాను. మార్పు లేదు. తరువాత సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్‌ను అనుమానించి, లైన్ పని చేసే కుర్రాణ్ణి మోటారు సైకిల్ మీద ఇల్లిల్లూ తిప్పి సెట్టింగులు మార్పించాను. మిట్ట మధ్యాహ్నం ఎండలో అతను 30 ఇళ్లు తిరిగి వచ్చి, "సార్, ఏ ఇంట్లోనూ తేడా లేదండి" అన్నాడు.

సాయంత్రం గ్రాఫులు చూస్తే మొదటి కంపెనీ లింకులో మా నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్ ఉంది గాని, లోపలికి వచ్చేది పూర్తిగా సున్నా. సెషన్ మాత్రం నిక్షేపంగా నిలిచి ఉంది. స్టాంపు కంపెనీ ఏదో తెగ్గొట్టిందని నాకు రూఢి అయిపోయింది. వాళ్ల పైఅధికారులను కూడా చేర్చి, చిన్న ఆపరేటర్లంటే మీకు చులకన అని, ఈ వృత్తిలో నా అనుభవమెంతో కూడా తెలిపి, రెండు పేజీల ఘాటు మెయిల్ రాశాను. కాపీ యజమానికి పెట్టాను.

ఆదివారం ఉదయం ఆ కంపెనీ ఇంజినీరు వీడియో కాల్ పెట్టాడు. గొంతును బట్టి పాతికేళ్లు దాటి ఉండవు. మా వైపు యజమాని, ఆయన కొడుకు, ముందు రోజు ఎండలో తిరిగిన కుర్రాడు నా వెనుకే నిలబడి ఉన్నారు. ఆ అబ్బాయి నా మెయిల్ ప్రస్తావనే తేలేదు. తెర మీద మా అడ్రసుల వివరం తెరిచాడు. దాని పక్కన ఎర్రగా 'ఇన్‌వాలిడ్' అని ఉంది. "సార్, మీ ఆర్‌ఓఏలో ఉన్న ఏఎస్ నంబరు ఒకసారి పైకి చదువుతారా?" అని అడిగాడు. చదివాను. చివర 47 ఉండవలసిన చోట 74 ఉంది.

తరువాత వివరించడానికి ఏమీ మిగలలేదు. ఆ కంపెనీ ఆర్‌ఓఏలను సరిచూసి, సరిపోలని రూట్లను పడేస్తుంది. నా నమోదు వాళ్లకు చేరిన క్షణం నుంచి వాళ్లు చేయవలసిన పనే చేశారు. రెండో కంపెనీ సరిచూడదు కాబట్టి దాని గుండా సగం ఇంటర్నెట్ నడిచింది. దానికి అవతల సరిచూసే నెట్‌వర్కుల నుంచి మాకు జవాబులు తిరిగి వచ్చే దారి లేకుండా పోయింది. వీడియోలు రెండో కంపెనీ దగ్గరున్న కాష్ (వీడియోల నకళ్లు దాచి ఉంచే సర్వరు) నుంచే వస్తున్నాయి గనుక వాటికి ఏ అడ్డూ లేదు. నేను పక్కకు తిరిగి యజమానికి ఇదే చెప్పబోయాను. ఆయన నాకంటే త్వరగా గ్రహించారు. "గురువుగారూ, అంటే మన పొలం పక్కోడి పేరున రిజిస్ట్రీ చేయించేశారా?" అన్నారు.

అంతే చేశాను. సర్వే నంబరు తప్పు పడిన దస్తావేజుకు సవరణ దస్తావేజు రాయించడానికి ఎన్నిసార్లు తిరగాలో మనకు తెలుసు. ఇక్కడ తప్పు నమోదును తీసేసి సరైన నంబరుతో మరొకటి చేయడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. అరగంటలో మొదటి లింకు గ్రాఫు కదిలింది. మిగతా నెట్‌వర్కులు ఎవరి వీలును బట్టి వాళ్లు కొత్త నమోదును దించుకున్నాక, మధ్యాహ్నానికి బ్యాంకు సైటు, ఆ తరువాత ఫీజు పేజీ తెరుచుకున్నాయి. ఆ ఇంజినీరుకు క్షమాపణ మెయిల్ రాసి, ముందటి మెయిల్‌లో చేర్చిన అందరినీ ఇందులోనూ చేర్చాను. స్టాంపు సంగతి మాత్రం ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఎండలో తిప్పిన కుర్రాడికి నా ఫీజులోంచి కొంత ఇచ్చాను. కొత్త పద్ధతి అడ్రసులైన ఐపీవీ6 బ్లాకుకు ఆర్‌ఓఏ చేసేటప్పుడు నంబరు అతనితోనే పైకి చదివించాను. మిగిలిన ఫీజు పంపడానికి యజమాని నా బ్యాంకు ఖాతా నంబరు అడిగి, "ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపండి గురువుగారూ" అన్నారు.