నీళ్లు దిగితేనే కనబడే గుడి: సోమశిల నుంచి సంగమేశ్వరానికి

మేము మొదటిసారి నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల వెళ్లింది అక్టోబరులో. శ్రీశైలం జలాశయం అప్పుడు నిండుగా ఉంది. కొల్లాపూర్ దాటి పది కిలోమీటర్లు పోయాక, దిగుడు మలుపులో ఒక్కసారిగా కృష్ణ కనబడింది. ఘాటు మెట్లలో పైన నాలుగైదు మాత్రమే నీటి బయట ఉన్నాయి. మెట్టు మీది నుంచి అడుగు తీసి బోటులో పెట్టాం. అమ్మ చీర అంచు కూడా తడవలేదు.

నది నడుమకు వెళ్లాక అమ్మ బోటాయన్ని అడిగింది, "సంగమేశ్వరం ఎక్కడ నాయనా?" అని. ఆయన ఇంజిన్ మీది నుంచి చెయ్యి తీయకుండానే అవతలి వైపుకు తల ఊపాడు. "ఆడనే ఉంది పెద్దమ్మా, నీళ్ల కింద. ఎండాకాలం రాండ్రి, సూపిస్తా."

ఆ మాట అమ్మ మరిచిపోలేదు. మే నెల రాగానే మళ్లీ బయల్దేరాం, అమ్మ, నేను, తమ్ముడు. నేను రెండు రోజులకు ప్లాన్ వేసుకున్నాను. మొదటి రోజు సంగమేశ్వరం, మర్నాడు నల్లమల మధ్య నుంచి లాంచీలో శ్రీశైలం. సోమశిల నుంచి అక్కడికి దాదాపు ఏడు గంటల నీటి ప్రయాణం. పిల్లలకు సెలవులు కాబట్టి బోట్లన్నీ తిరిగే కాలం ఇదేననుకున్నాను. కానీ ఆ రెండూ ఒకే నీటిమట్టంలో కుదరవు. లాంచీకి నిండు నీళ్లు కావాలి. సంగమేశ్వరం గుడి కనబడాలంటే నీళ్లు బాగా దిగిపోవాలి. అక్టోబరులో ఉన్నచోట మేలో లాంచీ లేదు, అది తిరగడానికి సరిపడా లోతూ లేదు. రేవులో నిలబడితే గానీ ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అప్పుడు అందులో సుమారు 215 టీఎంసీలు ఉంటాయి (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). అదే 854 అడుగులకు దిగితే మిగిలేవి 90 టీఎంసీలకు కాస్త అటూ ఇటూ. అంటే పై 31 అడుగుల్లోనే సగానికి మించిన నీళ్లు. పళ్లెంలా పైన పరుచుకుని, లోపలికి పోయేకొద్దీ గిన్నెలా ఇరుకయ్యే జలాశయం ఇది. అందుకే మట్టం ఒక్క అడుగు తగ్గినా ఒడ్డు చాలా దూరం వెనక్కి జరుగుతుంది. ఆ రోజు పొద్దున పేపర్లో 819 అని చదివాను. చదివినప్పుడు అది ఒట్టి అంకె. ఘాటు ఆఖరి మెట్టు దిగి, దాని కింద బీటలు వారిన ఒండ్రు మీద అమ్మ చెయ్యి పట్టుకుని పావుగంట నడిచాక, ఆ అంకె మా కాళ్లకు తెలిసింది.

అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. పైకి ఎండినట్టు కనబడే ఒండ్రు, నీటి దగ్గరకు వచ్చేసరికి మడమ దాకా దిగబడుతోంది. మా ముందు వెళ్తున్న ఒకాయన చెప్పులు చేతపట్టుకున్నాడు. ఎండేమో నెత్తి మాడ్చేస్తోంది. ఒక దశలో "వెనక్కి పోదామా అమ్మా" అన్నాను. అమ్మ మాట్లాడలేదు, నడుస్తూనే ఉంది.

దారి పొడవునా బురదలో చిన్న చిన్న గుంతలు కనబడ్డాయి, ఒకదాని కింద ఒకటి, వరసగా. అవేంటో మొదట అర్థం కాలేదు. నీటి దగ్గర ఒక గుంజ పాతి, దానికి తాడుతో బోటు కట్టి ఉంటే తెలిసింది. నీళ్లు దిగినప్పుడల్లా గుంజ పీకి కిందికి పాతుతారు. పాత గుంత అలాగే ఉండిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నది ఎంత దిగిందో ఆ గుంతల్లో రాసి ఉంది. ఒక రెండు గుంతల మధ్య దూరం మిగతావాటికంటే బాగా ఎక్కువ. ఎందుకని అడిగితే, "ఆ వారం డ్యామ్ కాడ నీళ్లిడిసి కరెంటు తయారుజేసిన్రు సార్, ఒక్కసారే గుంజుకపోయింది" అన్నాడు బోటాయన. అక్టోబరులో మమ్మల్ని తిప్పినాయనే. అమ్మను గుర్తుపట్టాడు.

శ్రీశైలం నీళ్లకు ఎంతమంది హక్కుదారులో అందరికీ తెలిసిందే. కుడిగట్టున ఆంధ్రప్రదేశ్ విద్యుత్తు, ఎడమగట్టున తెలంగాణ విద్యుత్తు. పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకూ, తెలుగుగంగ ద్వారా చెన్నైకీ వెళ్లే నీళ్లు. ఇటువైపు కల్వకుర్తి ఎత్తిపోతలు. వీళ్లలో ఎవరు ఎంత తీసినా ఇక్కడ గుంజ జరగాల్సిందే. వానలు లేక ఎండిపోయిన చెరువు వేరు, గేట్లు, మోటార్లు దించే జలాశయం వేరు. చెరువు ఎప్పుడు ఎండుతుందో ఊరికి ముందే తెలుస్తుంది. ఇక్కడ బోటు నడిపేవాళ్లకు పొద్దున లేచి చూస్తేనే తెలుస్తుంది.

లైఫ్ జాకెట్లు వేసుకుని కూర్చున్నాం. అక్టోబరులో తిన్నగా పోయిన బోటు ఈసారి పాములా మెలికలు తిరిగింది. నీళ్లు తగ్గాయి కాబట్టి ప్రమాదం తగ్గిందని అనుకుంటాం. నిజానికి పెరుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు ఎంతో లోతున ఉండే గుండ్లు, చెట్ల మోళ్లు, మునిగిన ఊళ్ల పాత గోడలు ఇప్పుడు నీటికి మూరెడు కింద ఉంటాయి. పైనుంచి కనబడవు. బోటాయన రెండు చోట్ల ఇంజిన్ ఆపేసి, వెదురు గడతో లోతు చూసుకుంటూ నెట్టాడు. ఒకచోట గడకు టక్కుమని తగిలింది. "గోడ" అన్నాడు. ఎవరిల్లో ఆయనకు తెలియదు. వాళ్ల నాయన ఉంటే చెప్పేవాడట.

ఆ తర్వాత బోటులో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. 1981లో డ్యామ్ పూర్తయి నీళ్లు నిలిచినప్పుడు ఈ లోయలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కొన్ని గుళ్లను రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి మళ్లీ కట్టారు. సోమశిల లలితా సోమేశ్వరాలయం అలా వచ్చిందే, అలంపురంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయమూ అంతే. మేము వెళ్తున్న సంగమేశ్వరం మాత్రం ఉన్నచోటే మునిగింది. మళ్లీ మొదటిసారి బయటపడింది 2003లో. అప్పటి నుంచి నీళ్లు సుమారు 840 అడుగుల కిందికి దిగిన వేసవుల్లో కనబడుతోంది.

ముప్పావుగంటకు శిఖరం కనబడింది. బురద నేల మధ్యన తెల్లగా, ఒంటరిగా. అమ్మ కూర్చున్నచోటే దండం పెట్టింది.

అటు ఒడ్డు నంద్యాల జిల్లా. అక్కడా బురదే గానీ, రాళ్లు పరిచి కాస్త దారి చేశారు. ప్రాకారం చాలావరకు పడిపోయింది. చెక్కిన రాళ్లు ఎక్కడివక్కడే చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక రాతి మీద నత్తగుల్లలు అతుక్కుని ఉన్నాయి. కొబ్బరికాయలమ్మే నాలుగు పందిళ్లు, ఒక మజ్జిగ కుండ. ఏడు నదులు కలిసేచోటు ఇదని నమ్మకం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి. భీముడు కాశీ నుంచి లింగం తేవడం ఆలస్యమైతే ధర్మరాజు వేపమొద్దును లింగంగా ప్రతిష్ఠించాడని కథ. కథ సంగతి ఎలా ఉన్నా గర్భగుడిలో లింగం మాత్రం నిజంగానే కొయ్యది. అన్నేళ్లు నీళ్లలో నానిన కొయ్య. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే ఆ నలుపు మీది నుంచి జారిపోయాయి. నేను చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

గోడ మీద మనిషెత్తుకు పైన ఒండ్రు చార ఉంది. నీళ్లొచ్చేటప్పుడు పూజారి మోకాళ్ల లోతులో, నడుం లోతులో నిలబడి పూజ చేస్తాడట. గర్భగుడి మునిగాక బోటులో వచ్చి శిఖరానికి హారతి ఇస్తాడట.

మూడు గంటలకల్లా బోటాయన తొందరపెట్టాడు. మే నెల సాయంత్రాలు గాలిదుమారం లేస్తే ఈ ఇరుకులో బోటును గుండ్లకు తగలకుండా పట్టడం కష్టమన్నాడు. తిరుగు దారిలో, సోమశిల-సిద్దేశ్వరం మధ్య రాబోయే వంతెన గురించి తమ్ముడు అడిగాడు. కేంద్రం దానికి 2022లో ఆమోదం తెలిపింది. "రానీ సార్, మంచిదే. రాత్రిపూట పానం మీదికొస్తే బోటు మీద దాటించుడు మాకే భయం" అన్నాడు.

నాకు ఒక్కటే బాధ. నీటిమట్టాన్ని అడుగుల్లో, దశాంశాలతో సహా రోజూ లెక్కగడుతున్నారు. ఏ మట్టంలో ఏ బోటు నడుస్తుందో, ఎంత దూరం బురదలో నడవాలో రేవులో ఒక బోర్డు మీద రాసిపెడితే ఎంత బాగుంటుంది! మెట్ల చివర నుంచి నీటి దాకా నాలుగు చెక్కలు పరిచి, నీళ్లతోపాటు వాటినీ జరుపుతూ ఉంటే పెద్దవాళ్లకు ఎంత మేలు! దాటి వచ్చాక, మెట్ల దాకా ఉన్న ఆ ఎక్కుడులో అమ్మ నాలుగుసార్లు ఆగింది. చివరికి తమ్ముడు, బోటాయన చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చారు.

జులై నెలాఖరున, కృష్ణ మీద ఎగువన ఉన్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారని టీవీలో చూసి అమ్మ బోటాయనకు ఫోన్ చేయించింది. స్పీకర్లో ఇంజిన్ చప్పుడు, గాలి.

"శిఖరం కనబడుతోందా నాయనా?"

"కలశం ఒక్కటే కనబడుతుంది పెద్దమ్మా. పొద్దుగాల పాతిన గుంజ మాపటికి మునిగింది. ఇప్పుడే పీకి మీదికి తెచ్చిన."