ఆ మీటరు కొలిచేది దేన్ని?

ప్రకాశం జిల్లా దర్శిలో ఈ మధ్య ఏ ఇంటికి వెళ్ళినా వంటగది గట్టు మీద పెన్నులాంటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) మీటరు ఒకటి కనిపిస్తోంది. నీళ్ళ క్యాన్ దించగానే గ్లాసులోకి కొంచెం వంచి, మీటరు ముంచి చూస్తారు. అరవయ్యో ఎనభయ్యో పడితే "మంచి నీళ్ళే" అని ఊపిరి పీల్చుకుంటారు. అదే మీటరును బోరు నీళ్ళలో ముంచితే ఏడు వందలో తొమ్మిది వందలో చూపిస్తుంది. "అమ్మో, విషం" అంటారు. జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే నాకు ఈ రెండు మాటలూ మింగుడుపడవు. మా ప్రాంతంలో భయపడవలసింది ఫ్లోరైడ్‌కు. ఆ మీటరుకు ఫ్లోరైడ్ కనిపించదు.

మీటరు చివర రెండు చిన్న పిన్నులుంటాయి. వాటి మధ్య నీటిలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నిబట్టి కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి ఇంత ఉండవచ్చని అంచనా కడుతుంది. ఏ లవణం ఎంత ఉందో దానికి తెలియదు. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము ఉందనుకుందాం. అది 4కు పెరిగిందనుకుందాం. మీటరు మీద 600 ఉన్న చోట కొద్ది అంకెలే పెరుగుతాయి. నీరు కాస్త వేడెక్కినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. ఇంట్లోని మీటరు పట్టించుకోని ఆ మూడు మిల్లీగ్రాములే పిల్లల పళ్ళను, పెద్దల కీళ్ళను పాడుచేస్తాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. లవణాలన్నీ కలిపితే మాత్రం 500 వరకు మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా అనుమతి ఉంది. అంటే 900 చూపించినంత మాత్రాన విషమనడానికి లేదు, 300 చూపించిన బోరు నీళ్ళను నమ్మడానికీ లేదు.

ఇది మా నేలకు పాత బాధ. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు తొలిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. ప్రకాశం పేరు ఆ తర్వాత 1972లో పెట్టారు. జిల్లా పేరు మారినా కింద ఉన్న రాయి మారలేదు. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతూనే ఉంది.

మా అత్తయ్యది పొదిలి వైపు పల్లె. ఆమె ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు గార పట్టీలు ఉంటాయి. అవి తోమితే పోయే గార కావు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడిన మచ్చలు. ఎవరైనా ఫోటో తీస్తామంటే ఇప్పటికీ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నేల మీద కూర్చుంటే లేవడానికి ఒకరి చెయ్యి కావాలి. అయినా చిన్నప్పుడు తాగిన బావి గురించి అడిగితే "అమృతమే అనుకో. ఆ నీళ్ళలో కందిపప్పు రెండు పొంగులకే మెత్తబడేది" అంటుంది. పప్పు ఉడికే నీళ్ళే మంచి నీళ్ళన్నది మా పల్లెల్లో అందరూ వాడే పరీక్ష.

ఆ పరీక్షను నేను కొట్టిపారేయను. అది కొలిచేది నీటి కాఠిన్యాన్ని. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ సంగతి అది సరిగ్గానే చెబుతుంది. చిక్కంతా మరోచోట ఉంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కరగనివ్వకుండా కొంతవరకు ఆపుతుంది. కాల్షియం తక్కువై, వంటసోడా జాతి లవణాలు ఎక్కువైన నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. అలాంటి నీటిలోనే పప్పు తొందరగా ఉడుకుతుంది. అందుకే అత్తయ్య పొగిడిన ఆ గుణమే మా వైపు అనుమానించవలసిన గుణం. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా పల్లెల నుంచి వచ్చే పిల్లలు రాయడం ఆపి తలెత్తి చూస్తారు.

ఇక ఇళ్ళకు యంత్రాలు అమ్మవచ్చే వాళ్ళ ప్రదర్శన సంగతి. మా ఎదురింటి పిన్ని వరండాలో జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ కుర్రవాడు రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదానిలో కుళాయి నీళ్ళు, రెండోదానిలో తన యంత్రంలోంచి తీసిన నీళ్ళు. లోహపు కడ్డీలున్న పరికరాన్ని రెండింటిలోకి దించి స్విచ్ వేశాడు. నిమిషం తిరక్కముందే కుళాయి నీళ్ళలో ఆకుపచ్చ నురగ లేచింది. తర్వాత ఇటుకరంగు మడ్డి దిగింది. రెండో గ్లాసు తేటగానే ఉంది. "చూశారా అమ్మా, మీ పిల్లలు రోజూ తాగుతున్నది ఇదే" అన్నాడు. పిన్ని ముఖం పాలిపోయింది.

నేను లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను. "బాబూ, నీ యంత్రం నీళ్ళలో ఈ చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ స్విచ్ వెయ్యి" అన్నాను. అతను కాస్త తటపటాయించి వేశాడు. ఆ గ్లాసులోనూ అదే నురగ, అదే మడ్డి. అప్పుడు పిన్నికి విషయం చెప్పాను. ఆ మడ్డి నీటిలోంచి రాలేదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కనుక ఇనుము కరుగుతుంది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు పెద్దగా పారదు కనుక కడ్డీ అలాగే ఉంటుంది. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతనికి నేర్పినది అదే. ఒక తల్లి తన పిల్లల గురించి పడే భయాన్ని ఇలా సరుకు అమ్ముకోవడానికి వాడుకునే వాళ్ళ మీద మాత్రం కోపం ఉంది.

ఆ యంత్రమే పనికిరాదని నేను అనలేదు, అనను కూడా. లోపల లవణాలను వడకట్టే ఆర్వో పొర సరిగ్గా ఉంటే ఫ్లోరైడ్‌లో చాలా భాగాన్ని తీసేస్తుంది. మా ఊళ్ళకు అది అవసరమే. టీడీఎస్ మీటరుకు అసలైన పని కూడా అక్కడే ఉంది. యంత్రంలోకి వెళ్ళే నీటిని, బయటికి వచ్చే నీటిని అప్పుడప్పుడు కొలిచి రాసుకోవాలి. మొదట్లో 800 నుంచి 60కి దిగేది కొన్నాళ్ళకు 250 దగ్గరే ఆగిపోతోందంటే పొర అలిసిపోయినట్టు, ఫ్లోరైడ్ కూడా జారిపోతున్నట్టు. క్యాన్ల ప్లాంట్లలో రుచి కోసం కొంత బోరు నీరు తిరిగి కలిపే అలవాటు ఉంది. బోరులో ఫ్లోరైడ్ ఎంతో చూడకుండా కలిపితే తీసినదాన్ని మళ్ళీ పోసినట్టే.

ఆర్వో నీళ్ళు తాగితే ఎముకలు గుల్లబారతాయన్న మాట కూడా బాగా తిరుగుతోంది. లవణాలతోపాటు కాల్షియం పోతుందన్నది నిజమే. కానీ మన కాల్షియంలో పెద్ద వాటా తిండి నుంచి రావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలు, పెరుగు, ఆకుకూరలు ఉండనే ఉన్నాయి. ఈ భయంతో ఫ్లోరైడ్ నీటికి తిరిగి వెళ్ళడం మాత్రం ఎముకలకు చేసే ద్రోహం.

మరిగిస్తే పోతుందంటారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ ఆవిరైపోదు. 3 మిల్లీగ్రాములున్న లీటరు నీటిని ముప్పావు లీటరయ్యేదాకా మరిగిస్తే లీటరుకు 4 లెక్కన చిక్కబడుతుంది. రాగిబిందె కూడా అంతే, సూక్ష్మజీవుల విషయంలో దానికి గుణం ఉంది, ఫ్లోరైడ్ జోలికి పోదు.

చింతపండు సంగతి వేరు. చారు తాగితే ఫ్లోరిన్ దిగుతుందని మా వైపు అనే మాట వట్టి నమ్మకమని చాలామంది చదువుకున్నవాళ్ళు తోసేస్తారు. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో ఆ ఫలితాలు ప్రచురించారు. అది చూపించింది అంతవరకే. కొద్దిమంది పిల్లల మీద కొద్దిరోజులు చేసిన పరిశీలన అది. పడిన గార పోతుందనిగాని, వంగని మోకాలు వంగుతుందనిగాని అది చెప్పలేదు. చారు మానకండి, చారును నమ్ముకుని నీళ్ళు మార్చడం మానకండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది క్షారజలం (ఆల్కలైన్ వాటర్) యంత్రాలు. ధర లక్ష దాటుతుంది. ఆ నీళ్ళు తాగితే షుగరు, కీళ్ళనొప్పులు, చివరికి క్యాన్సర్ కూడా తగ్గుతాయని కల్యాణమండపాల్లో సమావేశాలు పెట్టి చెబుతున్నారు. ఎంత క్షారమైన నీరైనా కడుపులోకి వెళ్ళగానే అక్కడి బలమైన ఆమ్లంలో కలవాలి. రక్తం క్షారగుణాన్ని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కలిసి, ఆమ్ల క్షార గుణాలను కొలిచే పీహెచ్ లెక్కలో 7.35కు, 7.45కు మధ్య పట్టి ఉంచుతాయి. గ్లాసు నీళ్ళు దాన్ని మార్చలేవు.

అంత డబ్బు ఎక్కడిదని అడిగితే "ఇద్దరిని చేర్పిస్తే చాలు, తిరిగి వచ్చేస్తుంది" అంటారు. ఆ లెక్క నేను నల్లబల్ల మీద వేయించాను. ఒకరు ఇద్దరిని, ఆ ఇద్దరు నలుగురిని చేర్చుకుంటూ పోతే, ఆ ఇద్దరిని మొదటి మెట్టు అనుకుంటే, ఇరవై ఒకటో మెట్టు దగ్గర మొదటి మనిషితో కలిపి మొత్తం 41,94,303 మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లా మొత్తం, చంటిపిల్లలతో సహా, దాదాపు 34 లక్షలు. పైగా చివరి మెట్టులో ఉన్నవాళ్ళే సగానికి పైగా ఉంటారు, వాళ్ళకు చేర్పించడానికి ఎవరూ మిగలరు. ఇలా మనుషులను చేర్పించి డబ్బు తిప్పే పథకాలను 1978 చట్టం నిషేధించింది. 2021 నాటి ప్రత్యక్ష అమ్మకాల నియమాలూ ఒప్పుకోవు. అయినా కూతురి పెళ్ళికని దాచిన డబ్బు తీసి కట్టినవాళ్ళు నాకు తెలుసు. తాగే నీరు బాగుండాలన్న న్యాయమైన కోరికే వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళింది.

చాలా ఇళ్ళలో క్యాన్ నీళ్ళు తాగడానికి, బోరు నీళ్ళు వంటకు వాడుతున్నారు. ఇది మారాలి. అన్నం తను పీల్చుకున్న నీటితోపాటు ఫ్లోరైడ్‌నూ పీల్చుకుంటుంది. పప్పు, సాంబారు, టీ అన్నీ అంతే. టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది కూడా. డబ్బు చాలక కొంతే కొనగలిగితే, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు వండే వంట ముందు. శాశ్వత దంతాల మీద మచ్చ పడేది ఆ వయసులోనే. సాగర్ కాలువ నీళ్ళు శుద్ధి చేసి ఇచ్చే ఊళ్ళలో కుళాయి నీటికి ఫ్లోరైడ్ నీరన్న చెడ్డపేరు అన్యాయం. అది బోరు నీరో, కాలువ నీరో పంచాయతీలో అడిగి తెలుసుకోండి.

అన్నిటికన్నా ముందు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఫ్లోరైడ్‌నే నేరుగా కొలుస్తాయి. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఐదుగురేసి మహిళలకు చిన్న పరీక్షపెట్టెలతో నీళ్ళు చూడటం నేర్పాలని పెట్టారు. మీ ఊళ్ళో వాళ్ళెవరో కనుక్కోండి. శాంపిల్‌కు గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరును కొన్ని నిమిషాలు నడిపి ఆ నీళ్ళు పోనిచ్చి, తర్వాత వచ్చే నీటితో సీసాను రెండు మూడు సార్లు కడిగి, మూతదాకా నింపండి. బోరు ఎవరిదో, ఎంత లోతో, ఏ తేదీన పట్టారో సీసా మీద రాయండి. మే నెలలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్ళాక మరోసారి చేయించాలి, రెండు అంకెలూ ఒకటిగా ఉండకపోవచ్చు. మా విద్యార్థులకు నేను ఇదే చెప్పి పంపుతున్నాను. వాళ్ళు తెచ్చిన అంకెలను ఊరి పేరుతో సహా కళాశాల నోటీసు బోర్డు మీద పెడుతున్నాం. మీ ఊరి అంకె ఉంటే నాకూ పంపండి.