పవిత్ర శనివారం, మధ్యలో ఉన్న రోగి

క్షయకు మందులు మింగుతుండగా, ఈస్టర్‌కు సిద్ధపడే తపస్కాలం వచ్చింది. జ్వరం దిగింది, రాత్రి చెమటలు ఆగాయి, ఆకలి పుట్టింది, అయినా నా చికిత్స సగం కూడా కాలేదు. ఈస్టర్‌కు ముందు వచ్చే పరిశుద్ధ వారంలో అలాంటి రోగికి చెందిన రోజు, క్రీస్తు సిలువ మీద చనిపోయిన శుక్రవారానికీ ఆయన లేచిన ఈస్టర్‌కూ మధ్యనున్న పవిత్ర శనివారమేనని నా నమ్మకం.

ఆ పగలు చర్చిలో ఏమీ జరగదు. గురువారం సాయంత్రపు పూజ అయ్యాక బలిపీఠం మీది వస్త్రాలు తీసేస్తారు. సత్ప్రసాదం ఉంచే పెట్టె, మందసం, ఖాళీగా ఉంటుంది. దివ్యబలిపూజ లేదు. లూకా సువార్త 23వ అధ్యాయం చివర స్త్రీలు సుగంధద్రవ్యాలు, పరిమళతైలాలు సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం విశ్రాంతి దినాన ఊరకున్నారని ఉంది. మర్నాడు ఏం కాబోతుందో వాళ్లకు తెలియదు. తెలియకుండానే చేయవలసింది చేసి ఆగారు. కానీ అపోస్తలుల విశ్వాస సంగ్రహం ప్రకారం పైకి ఏమీ కనబడని ఆ వేళలోనే క్రీస్తు చనిపోయినవాళ్లుండే పాతాళానికి దిగాడు. తూర్పు సంఘాల చిత్రాల్లో ఆయన ఆదామును మణికట్టు పట్టుకుని పైకి లాగుతుంటాడు. ఎదురు పట్టుకునే బలం ఆదాముకు లేకపోయినా సరే, ఆ పట్టు జారదు. మంచం మీద ఉన్నవాళ్లకు ఇంతకన్నా ధైర్యమిచ్చే బోధ నాకు తెలియదు.

మందుల పని కూడా కనబడకుండానే సాగుతుంది. సాధారణ మందులకు లొంగే ఊపిరితిత్తుల క్షయకు మామూలుగా 6 నెలల చికిత్స ఉంటుంది. మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పిరజినమైడ్, ఇథాంబ్యుటాల్ కలిపి ఇస్తారు. తర్వాతి 4 నెలల్లో ముఖ్యంగా మొదటి రెండూ కొనసాగుతాయి. మోతాదు బరువును బట్టి ఉంటుంది. చురుగ్గా పెరిగే క్రిములు తొలి వారాల్లోనే చాలావరకు చస్తాయి కాబట్టి ఒంట్లో హాయిగా అనిపిస్తుంది. మందకొడిగా దాగి ఉన్నవి మిగులుతాయి, తక్కిన నెలలు వాటి కోసమే. బాగుందని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. వేసుకుంటూ మానేస్తూ ఉంటే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. శనివారాన్ని దాటేసి ఈస్టర్ చేసుకోవాలన్న తొందర అది.

శుక్రవారం దగ్గరే ఆగిపోవడం రెండో పొరపాటు. బాధపడటమే భక్తి అనుకుని, జబ్బులోనూ ఉపవాసం పట్టేవాళ్లున్నారు. కతోలిక నియమంలో తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం 18 నుంచి 59 ఏళ్లవారికి. ఆ వయసువారైనా రోగులకు మినహాయింపు ఉంది. బరువు తగ్గిన క్షయరోగికి తిండే చికిత్సలో భాగం. దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పానికి, ముందు 1 గంట ఏమీ తినకూడదన్న నియమం నీళ్లకు, మందులకు వర్తించదు. రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు ఆ గంటలో ఏమైనా తిన్నా స్వీకరించవచ్చు. రిఫాంపిసిన్ ఖాళీ కడుపున, అంటే భోజనానికి 1 గంట ముందో 2 గంటల తర్వాతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. వికారం ఎక్కువైతే మాత్ర మానేయకుండా, కొద్దిగా తిని వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడగాలి.

శుక్రవారం ఏ వేళైనా రోగి ఇంటికి సత్ప్రసాదం తేవచ్చు. శనివారం మాత్రం మరణావస్థలో ఉన్నవాళ్లకే ఇస్తారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే గురువు రోగికి నూనె పూసి చేసే ప్రార్థన, రెండు రోజులూ దొరుకుతుంది. అది చావు దగ్గరపడినవాళ్లకే అనుకుని ఫాదర్‌గారిని పిలవడానికి భయపడవద్దు. తీవ్రమైన జబ్బు ఏదైనా చాలు.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగులోకి మారతాయి. దానికి కంగారు అక్కర్లేదు. కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, అన్నం చూస్తేనే వెగటు కాలేయం దెబ్బతింటున్న గుర్తులు. మూత్రం రంగు ముందే మారి ఉంటుంది కాబట్టి దాన్ని చూసి కామెర్లను పట్టలేం, కళ్ల తెల్లగుడ్డు చూసుకోవాలి. అరికాళ్లలో తిమ్మిర్లు ఐసోనియాజిడ్ వల్ల వస్తాయి, దానికి పిరిడాక్సిన్ ఇస్తారు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియకపోయినా ఇథాంబ్యుటాల్‌ను అనుమానించి ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి.

శనివారం రాత్రి జరిగే పాస్కా (ఈస్టర్) జాగరణకు వెళ్లాలనుకుంటే, జబ్బు ఇతరులకు అంటుకునే దశ దాటిందని ముందు డాక్టర్ చెప్పాలి. ధూపం, కొవ్వొత్తుల పొగ దగ్గు రేపుతాయి కనుక కిటికీ పక్కన కూర్చోవడం మంచిది. పూర్తిగా జరిపితే 9 బైబిల్ పఠనాలు, చాలాసేపు పడుతుంది. నిలబడలేనివాళ్లు కూర్చునే ఉండవచ్చు.

తపస్కాలం 40 రోజులైతే పాస్కా కాలం 50. కోలుకోవడానికీ అలాగే వ్యవధి ఇచ్చుకోవాలి. మాత్రలు అయిపోయాక కూడా ఆయాసం, నీరసం కొంతకాలం ఉంటాయి. ఎక్స్‌రేలో మచ్చ మిగలవచ్చు. లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు మిగిలే ఉన్నాయని యోహాను 20వ అధ్యాయం చెబుతుంది. మచ్చ ఉన్నంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చికిత్స ముగిసినప్పటి ఎక్స్‌రేను పారేయకుండా దాచుకోండి. మళ్లీ ఎప్పుడైనా తీయించాల్సి వస్తే, పాత మచ్చ ఏదో కొత్తది ఏదో డాక్టర్ దానితో పోల్చి చెప్పగలుగుతారు.