నల్లా దగ్గర వేసిన జడ

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని బ్యాచ్ గ్రూపులో అడిగినప్పటి నుంచి నా కళ్ళ ముందు ఒకటే మెదులుతోంది. ప్రేయర్ గ్రౌండ్ పక్కన సిమెంటు తొట్టి, దాని మీద వరసగా నాలుగు నల్లాలు. వాటిలో చివరిది ఎప్పుడూ కారుతూనే ఉండేది. ఏడో తరగతిలో ఒక సోమవారం పొద్దున ఆ చివరి నల్లా దగ్గరే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఏడవకుండా జడ వేయించుకున్నాను.

నాది రింగుల జుట్టు. ఈ రోజుల్లో కర్లీ హెయిర్ అని పిల్లలు మురిపెంగా చెప్పుకుంటున్నారు. 1991లో హైదరాబాద్‌లోని మా చింతల్ బస్తీలో దాని పేరు పిచ్చుక గూడు. మన బడి రూలు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆడపిల్లలకు రెండు జడలు, మడిచి చెవుల పక్కకు పైకి కట్టాలి, నల్ల రిబ్బన్లు. శనివారం తెల్ల డ్రెస్సుకు తెల్ల రిబ్బన్లు. తిన్నని జుట్టున్న వాళ్ళకు అది పది నిమిషాల పని. మా ఇంట్లో ముప్పావు గంట పట్టేది. ఆ ముప్పావు గంటలో అమ్మ నా మీద అరిచేది, నేను ఏడ్చేదాన్ని, నాన్న పేపరు తీసుకుని బయట అరుగు మీదికి వెళ్ళిపోయేవాడు.

అమ్మ తప్పేమీ లేదు. ఆమెది నడుము దాటిన తిన్నని జుట్టు. ఆమె చేతులకు తెలిసిన పద్ధతి ఆ జుట్టుదే. ఆదివారం కుంకుడుకాయలు బండ మీద చితక్కొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి తలంటు పోసేది. తువాలుతో గట్టిగా రుద్ది, డాబా మీద ఎండలో నిలబెట్టేది. ఎండుతున్న కొద్దీ నా జుట్టు ఉబ్బి, రెండింతలై కూర్చునేది. బాగా ఎండాక అప్పుడు దువ్వెన పట్టేది, అది కూడా నడినెత్తి నుంచి కిందికి. దువ్వెన నాలుగు వేళ్ళ దూరం వచ్చి చిక్కులో ఆగిపోయేది. ఇంకాస్త బలంగా లాగితే నా తల వెనక్కి వచ్చేది గానీ దువ్వెన కిందికి దిగేది కాదు. ప్లాస్టిక్ దువ్వెన పళ్ళు ఎన్ని విరిగి నా జుట్టులో ఉండిపోయాయో. చివరికి దోసెడు కొబ్బరినూనె పోసి, అణచి, కళ్ళు సాగేంత బిగించి జడలు వేసేది. మూడో పీరియడ్ వచ్చేసరికి కొసలు స్ప్రింగుల్లా చుట్టుకుపోయి రిబ్బన్లు జారిపోయేవి. నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలన్నీ లేచి నిలబడేవి.

ఆ సోమవారం ప్రేయర్‌లో మా క్లాసు వరసలోంచి ఇద్దరిని బయటికి పిలిచారు. నన్ను, నా బెంచీ స్నేహితురాలిని. తల దువ్వుకోకుండా బడికి వస్తారా అని అందరి ముందూ అడిగారు. పొద్దున ఇంట్లో ముప్పావు గంట ఏడ్చి వచ్చిన పిల్లకు ఆ మాట ఎలా ఉంటుందో, ముప్పై ఏళ్ళు దాటినా నాకు మరుపు రాలేదు. ఎవరి పేరూ చెప్పను. అందులో పగ లేదు. జుట్టును చూసి పిల్ల శుభ్రతను, బుద్ధిని లెక్కగట్టడం తప్పు అన్నంత వరకు మాత్రం చెప్పి తీరతాను. నల్లా దగ్గరికి వెళ్ళి తడి చేసుకుని సరి చేసుకు రమ్మన్నారు.

నా స్నేహితురాలు ఏసీ గార్డ్స్ నుంచి వచ్చేది. ఆమెది నాకంటే సన్నని రింగులు, పెన్ను రీఫిల్‌కు చుట్టినట్టు దగ్గర దగ్గరగా. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చిన అశ్విక దళం అది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు అందులో సిపాయిలు. 1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిశాక ఆ దళాన్ని తీసేశారు. కుటుంబాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి, బస్తీకి ఆ పేరూ ఉండిపోయింది. మన సిటీ పెళ్ళి బరాత్‌లలో మోగే మర్ఫా డప్పుల సంగీతంలో వాళ్ళ చెయ్యి ఉంది. రోజూ బస్సులో ఏసీ గార్డ్స్ స్టాప్ పేరు వింటూ కూడా పదో తరగతి దాకా ఈ సంగతి నాకు తెలియదు. మన సోషల్ పుస్తకంలో లేదు. ఆమె వాళ్ళ తాత గుర్రం గురించి చెబితే కథ అనుకునేదాన్ని.

నేను తొట్టి గట్టు మీద కూర్చుని వెక్కుతున్నాను. ఆమె నా రిబ్బన్లు లాగేసి, "ఎండిన నెత్తి ఎవరన్న దువ్వుతరా? ఆగు, కదలకు" అంది. దోసిలితో నీళ్ళు పట్టి నా జుట్టు మీద చల్లింది. కుమ్మరించలేదు. ఇస్త్రీకి ముందు బట్టల మీద చిలకరిస్తారే, అంతే. పొద్దున అమ్మ పోసిన నూనె ఎలాగూ ఉంది. వేళ్ళతో పాపిడి తీసింది. ఒక్కో పక్కనూ పిడికిట్లో పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి వేళ్ళతోనే చిక్కులు విడదీస్తూ పైకి వచ్చింది. నొప్పి లేదు. నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ మళ్ళీ "అయిపోయిందా" అని అడుగుతున్నాను, నొప్పి ఇంకా మొదలు కాలేదేమోనని. బెల్లు కొట్టేలోగా రెండు జడలూ అయిపోయాయి. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా ఒక్క రిబ్బనూ జారలేదు.

అమ్మ నా తల చూసి, "ఎవలు ఏసిన్రే?" అంది. చెప్పాను. ఆ వారమే శనివారం ఒంటిపూట బడి కాగానే అమ్మ నన్ను తీసుకుని వాళ్ళింటికి బయలుదేరింది. పొరుగింటి వాళ్ళు ఏదో అన్నారు. అమ్మ వినిపించుకోలేదు. మా అమ్మలో నాకు బాగా నచ్చే గుణాల్లో అదొకటి. తనకు రాని పని ఎవరి దగ్గర ఉన్నా వెళ్ళి నేర్చుకుంటుంది.

వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ, మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి మొదట చాయ్ ఇచ్చింది. నా జుట్టు పట్టుకుని చూసి, కణతల దగ్గర వేలు పెట్టి అమ్మ వైపు చూసింది. అక్కడ వెంట్రుకలు పలచబడి, చర్మం కనబడుతోంది. అమ్మ అప్పటిదాకా గమనించలేదు. రోజూ బిగించి లాగితే అక్కడి జుట్టే ముందు పోతుంది. దాన్ని ట్రాక్షన్ అలొపీషియా అంటారని, ఏళ్ళ తరబడి అలాగే లాగుతూ పోతే ఆ చోట మళ్ళీ మొలవకపోవచ్చని నాకు పెద్దయ్యాక తెలిసింది. నానీకి ఆ పేరు తెలియదు. "సూకే బాలాఁకు కంఘీ నక్కో" అంది. ఎండిన జుట్టుకు దువ్వెన వద్దు. అదే ఆమె మొదటి పాఠం.

"తడి నెత్తికి జడ ఏస్తే సర్ది పట్టదా అమ్మా?" అని అడిగింది మా అమ్మ. కారుతున్న తడి కాదు, చేతికి చల్లగా తగిలేంత తడి చాలని నానీ చూపించింది. నా జుట్టును నాలుగు భాగాలు చేసి, మూడింటిని మెలితిప్పి పక్కన ముడి వేసింది. నాలుగో దానికి అరచేతిలో నూనె రాచి పట్టించింది. ఒక పెద్ద పళ్ళ చెక్క దువ్వెన తీసింది. పళ్ళ మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు. ఎడమ పిడికిలితో జుట్టును చిక్కుకు పైన గట్టిగా పట్టుకుంది, కుడి చేత్తో కొస రెండు అంగుళాలు దువ్వింది. లాగినదంతా ఆమె పిడికిలి మీద పడుతోంది, నా తల మీదికి రావడం లేదు. కొస సాఫీ అయ్యాక పిడికిలి నాలుగు వేళ్ళు పైకి జరిపింది. మళ్ళీ అంతే. అమ్మ చూస్తూ చూస్తూ తన పిడికిలి కూడా బిగించి పట్టుకుంది, గాలిలోనే.

జడ అల్లడంలో నానీ రెండు మాటలు పదే పదే చెప్పింది. మొదలు వదులుగా ఉండాలి, తల దగ్గర చూపుడు వేలు దూరేంత. రింగుల జుట్టు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. తడి మీద బిగించేస్తే ఆరాక ఇంకా బిగుసుకుని కణతలను పీకుతుంది. రెండోది రిబ్బను సంగతి. అందరూ జడ పూర్తయ్యాక కొసకు కడతారు. ఆమె సగం జడలోనే రిబ్బనును ఒక పాయతో కలిపేసి అల్లింది. కొస చుట్టుకుపోయినా రిబ్బను ఎక్కడికి పోతుంది? జడలోనే ఉంది కదా. ఆఖరి రెండు అంగుళాలు మూడు పాయలు చేయకుండా రెండుగా మెలిపెట్టి, ఆ రిబ్బనుతోనే మడిచి పైకి కట్టింది. మా అమ్మ మూడుసార్లు విప్పి, మూడుసార్లు వేసి చూసుకుంది. నేను ఆ మధ్యాహ్నం అక్కడే నానీ ఒడిలో తల పెట్టి నిద్రపోయాను.

ఆ తర్వాత మా ఇంట్లో చాలా మారాయి. తువాలుతో రుద్దడం పోయింది, నాన్న పాత మెత్తటి బనియనుతో అద్దేది అమ్మ. జడ అల్లడం పొద్దున నుంచి రాత్రికి జరిగింది. రాత్రి వేసి పడుకుంటే పొద్దున నాలుగు చుక్కల నీళ్ళతో ముంగురులు సర్దడమే పని. నూలు దిండు గుడ్డ జుట్టును రాపిడి పెడుతుందని నానీ చెబితే, తన పాత పట్టు చీర కొంగు కోసి నాకు దిండు గలీబు కుట్టింది. ఎరుపు మీద బంగారు అంచు. ఆ దిండు మీద పడుకుంటే రోజూ పండగలా ఉండేది. ఇంట్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి, సబ్బు నురగ వచ్చేది కాదు, జుట్టు పీచులా తయారయ్యేది. అందుకని తలంటులో ఆఖరి రెండు చెంబుల కోసం నల్లాలో వచ్చే గండిపేట చెరువు నీళ్ళు బిందెలో పట్టి దాచేది.

నేను కెమిస్ట్రీ లెక్చరర్నయ్యాక నానీ చేతులకు తెలిసినవన్నీ పుస్తకంలో ఒక్కొక్కటిగా ఎదురయ్యాయి. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను ఒక రూపంలో నిలబెట్టే హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగిలితే విడిపోతాయి, ఆరాక కొత్త రూపంలో మళ్ళీ కట్టుకుంటాయి. తడిగా ఉన్నప్పుడు మాట విని, ఆరాక అల్లిన రూపంలోనే నిలబడేది అందుకే. గట్టివైన డైసల్ఫైడ్ బంధాలు నీళ్ళకు కదలవు కాబట్టి మళ్ళీ తల తడపగానే రింగులు వచ్చేస్తాయి. తిన్నని వెంట్రుకను అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉంటుంది, రింగుల వెంట్రుక కోడిగుడ్డు ఆకారంలో కాస్త నొక్కినట్టు ఉంటుంది. మాడులో ఊరే సహజమైన నూనె ఆ మెలికలన్నీ తిరిగి కొస దాకా దిగలేదు, అందుకే కొసలు ఎప్పుడూ పొడిబారి ఉంటాయి. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకుతుంది. ఈ పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో రింగుల జుట్టు పిల్లల ముఖాలు చూస్తాను. ఒకళ్ళో ఇద్దరో వెంటనే తల తడుముకుంటారు.

పెళ్ళప్పుడు పార్లర్‌లో స్ట్రెయిటెనింగ్ చేయిస్తే పూలజడ బాగా నిలుస్తుందని చుట్టాలు ఒత్తిడి పెట్టారు. అమ్మే వద్దంది. పొద్దున్నే తన చేత్తో చిక్కు తీసి, సవరం కూడా లేకుండా పూలజడ వేసింది.

ఇప్పుడు మా పాపకు తొమ్మిదేళ్ళు. నా జుట్టే. ఆదివారం రాత్రి అమ్మ, నేను చెరో పక్కన కూర్చుని చెరో జడ వేస్తాం. అమ్మ వేళ్ళు ఇప్పుడు కీళ్ళ నొప్పులతో వంగడం లేదు, అయినా తన పక్క జడే చక్కగా వస్తుంది. నేను ఒక్కోసారి తొందరలో మొదలు బిగించేస్తే, "వేలు దూరుతుందా చూడు" అంటుంది. పాప వాళ్ళ క్లాసులో ఇంకో రింగుల జుట్టు పిల్ల ఉందట. ఇంటర్వెల్‌లో ఆ పిల్ల జడ ఊడిపోతే మా పాప వాటర్ బాటిల్ నీళ్ళు చల్లి మళ్ళీ వేసిందట. నేను ఆ రోజు చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

నా బెంచీ స్నేహితురాలు పదో తరగతి తర్వాత ఎటు వెళ్ళిందో తెలియలేదు. వాళ్ళు ఇల్లు మారారు. ఆ కాలంలో ఫోన్లు ఎక్కడివి? మూడు నెలల క్రితం ఈ సంచిక కోసం మన పదో తరగతి గ్రూపు ఫోటో ఎవరో గ్రూపులో పెట్టారు. రెండో వరసలో మేమిద్దరం పక్కపక్కన నిలబడి ఉన్నాం. నాలుగు జడలూ ఒక్క తీరున, రిబ్బన్లు ఎక్కడివక్కడే. ఆ రాత్రి తెలియని నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "గుర్తు పట్టినవా? నల్లా దగ్గర ఏడ్చినవ్ చూడు" అంటూ మొదలైంది.

నానీ పోయి చాలా ఏళ్ళయిందట. చెక్క దువ్వెన మాత్రం తన దగ్గరే ఉందట, రెండు పళ్ళు పోయాయట. మనందరం కలిసే రోజు పట్టుకొస్తానంది. పాపను తెస్తున్నానని చెప్పాను. అమ్మ అప్పుడే నూనె సీసా కడిగి ఎండబెట్టింది.