మైనం కథ కన్నా మంచి కథ

ఈమధ్య ఒక పదవీ విరమణ సభలో వక్త 'సిన్సియర్' మాట పుట్టుక చెప్పారు. రోమన్ శిల్పులు పాలరాతి పగుళ్లను మైనంతో పూడ్చేవారట. మైనం పూయని అసలైన శిల్పం 'సినె కేరా', అంటే లాటిన్‌లో 'మైనం లేకుండా' అట; అదే 'సిన్సియర్' అయిందట. అందరూ చప్పట్లు కొట్టారు. నా మనసు మాత్రం ఒప్పలేదు. నిజాయితీని చెప్పే మాటకు కట్టుకథ అంటగట్టడమేమిటి? భాషా చరిత్రకారులు ఈ కథను అంగీకరించరు. 'సిన్సియర్'కు మూలమైన లాటిన్ మాట 'సిన్‌కేరుస్' అంటే కల్తీ లేనిది, శుభ్రమైనది. ఒకే మూలం నుంచి పెరిగినది అన్న భావంతో ఏర్పడి ఉండవచ్చని పండితుల ఊహ.

క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ కవి హొరేస్ ఈ 'సిన్‌కేరుస్' మాటను పాత్రకు వాడాడు: పాత్ర శుభ్రంగా లేకపోతే అందులో ఏది పోసినా పులిసిపోతుందని. అది చదవగానే ఒళ్లు పులకరించింది. 'భాండశుద్ధి లేని పాకమేల' అన్న మన వేమన ఎక్కడ, ఆ రోము ఎక్కడ! వేమన ఆ వెంటనే చెప్పిన 'చిత్తశుద్ధి' నేటికీ సిన్సియారిటీకి మనం వాడే తెలుగు మాట. ఇంత చక్కని పోలిక మన చేతిలో ఉండగా మైనంతో పనేముంది? దయచేసి, సభల్లో మాట్లాడే మిత్రులారా, ఇకపై ఈ పాత్ర కథ చెప్పండి.